తల్లి రొయ్య ఏ నీటిదో రాసిపెట్టించండి

ఆంధ్రప్రదేశ్ ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థకు, రెండు తెలుగు రాష్ట్రాల మత్స్యశాఖ అధికారులకు, మంచినీటి రొయ్య హేచరీల యజమానులకు

నమస్కారం.

నీలకంఠ రొయ్య, స్కాంపి, మంచినీటి రొయ్య. ఏ పేరుతో పిలిచినా, ఈరోజు మన హేచరీల్లో గుడ్లు మోస్తున్న తల్లుల్లో చాలావాటికి నది తెలియదు. వాటి అమ్మకీ తెలియదు, అమ్మమ్మకీ తెలియదు. హేచరీకి వెళ్ళి ‘ఈ తల్లి ఎక్కడిది?’ అని అడిగితే ఫలానా రైతు చెరువు అంటారు. ఆ చెరువులోకి పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మేమే ఇచ్చామంటారు. అంతకు ముందు ఎక్కడిదంటే జవాబు ఉండదు, ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు. ఆ రాత మొదలుపెట్టించమని అడగడానికే ఈ లేఖ. అది లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో కూడా వివరంగా చెబుతాం. మేము ఈ రొయ్య తల్లులతో, లార్వా తొట్లతో పనిచేసేవాళ్ళం.

2005–06 ప్రాంతంలో దేశంలో స్కాంపి ఉత్పత్తి 40 వేల టన్నులు దాటింది. అందులో పెద్ద వాటా ఆంధ్రది. 2009–10 నాటికి అది పదివేల టన్నుల లోపుకు పడిపోయింది. తెల్లతోక జబ్బు వచ్చింది, ఎగుమతి ధర తగ్గింది, ఆ వెంటనే వెనామీ అనే విదేశీ రొయ్య వచ్చింది. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ రైతు ఆరోజుల్లో మొదట చెప్పిన మాట వేరు. ‘పిల్ల ఎదగడం లేదు, సగం ఆడవి చిన్నప్పుడే గుడ్లు పెట్టేస్తున్నాయి, పట్టుబడిలో చిన్న సైజువే ఎక్కువ పడుతున్నాయి’ అన్నాడు. ఆ మాటకు మేత, నీళ్ళు, సాంద్రత అని సమాధానాలు చెప్పారు తప్ప తల్లి వంశం వైపు చూసినవాళ్ళు తక్కువ.

లెక్కతో మొదలుపెడతాం. బాగా ముదిరిన తల్లి స్కాంపి ఒక కాన్పులో 80 వేల నుంచి లక్ష గుడ్ల దాకా మోస్తుంది. తొలి ఏడాది కాన్పుల్లో మాత్రం చాలాసార్లు 5 వేల నుంచి 20 వేలే ఉంటాయి. ఒక్క తల్లి ఇన్ని గుడ్లు ఇస్తుంటే హేచరీకి చాలామంది తల్లులు అక్కర్లేదనిపిస్తుంది. ముప్ఫై తల్లులు, ఎనిమిది మగవి ఉంటే ఒక దఫా నడిచిపోతుంది. వ్యాపారం లెక్కలో ఇది సరిపోతుంది కానీ వంశం లెక్క వేరు. ఆడ, మగ సమానంగా లేనప్పుడు నిజంగా లెక్కకొచ్చే తల్లిదండ్రుల సంఖ్య ఎంతో తెలియాలంటే, మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, నాలుగింతలు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. 30 ఆడ, 8 మగ అయితే వచ్చేది 25 మాత్రమే. తరానికి పెరిగే రక్తసంబంధం, ఆ సంఖ్యకు రెట్టింపుతో ఒకటిని భాగిస్తే వస్తుంది. ఇక్కడ అది 2 శాతం. చిన్నదే అనిపిస్తుంది. పది తరాలకు 18 శాతం, ఇరవై తరాలకు 33 శాతం.

ఈ అంకె ఎంతదో తెలియడానికి మనకు మేనరికం లెక్క ఉంది. మేనత్త కొడుకుని చేసుకుంటే పుట్టే బిడ్డకు ఈ విలువ 6.25 శాతం. మేనమామని చేసుకుంటే 12.5 శాతం. సొంత అన్నాచెల్లెళ్ళ జతకు 25 శాతం. అంటే బయటి రక్తం కలవకుండా ఇరవై తరాలు నడిపిన చెరువు వంశం ఆ చివరి గీతను కూడా దాటేసి ఉంటుంది. ఏడాదికొక తరం చొప్పున వేసుకున్నా మన హేచరీలు మొదలై ఇరవై తరాలు దాటాయి.

ఇది ఇంకా మంచి పక్షం లెక్కే. నిజంగా జరిగేది ఇంతకన్నా ఇరుకు. ముప్ఫై తల్లుల లార్వాలు ఒకే తొట్టిలో కలిశాక అన్ని కుటుంబాలూ సమానంగా బతకవు. ఒక రాత్రి పొదిగినవి ముందు ఎదుగుతాయి, రెండు రాత్రులు ఆలస్యమైనవి వాటికి ఆహారమవుతాయి. చివరికి పిల్లల్లో ఎక్కువభాగం పది తల్లులవి, మూడు మగవాటివి అయితే లెక్కకొచ్చే సంఖ్య 9కి దిగుతుంది. తరానికి 5 శాతం పైన. ఐదు తరాలకే అన్నాచెల్లెళ్ళ జత దగ్గరికి చేరతాం. తొట్టిలో ఇదంతా కంటికి కనబడదు. పిల్ల తెల్లగా, చురుగ్గా, గుంపుగా ఎదురీదుతూనే ఉంటుంది.

రక్తసంబంధం పెరిగిన రొయ్యలో మొదట దెబ్బతినేది ఎదుగుదల అనుకుంటారు. నిజానికి ముందు తగ్గేది గుడ్డు పొదుగుడు, లార్వా బతుకుడు, జబ్బుకు నిలబడే శక్తి. హేచరీలో ఈ లోటును మందులతో, ఎక్కువ ఆర్టీమియాతో (లార్వాలకు మేతగా వేసే సన్నటి ఉప్పునీటి జీవి), ఇంకో నలుగురు తల్లులతో పూడ్చేస్తాం. అందుకే లోటు కనబడదు. రైతు చెరువులోకి వెళ్ళాక పూడ్చేవాళ్ళు ఉండరు.

ఇంతకన్నా ఎక్కువ చెరుపు చేసేది తల్లుల ఎంపిక. ఇది మన చేతులారా జరుగుతోంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాం. నాలుగో నెల నుంచి రైతు వల లాగి పెద్దవాటిని ఏరి అమ్ముతాడు. రెండు మూడు సార్లు అలా తీశాక ఆఖరున చెరువు ఎండగడతాడు. హేచరీ మనిషి తల్లుల కోసం వచ్చేది చాలాసార్లు ఆ ఆఖరి రోజునే. అప్పటికి బాగా ఎదిగినవన్నీ ఐస్ పెట్టెల్లో వెళ్ళిపోయాయి. బురదలో మిగిలినవాటిలో కడుపు కింద గుడ్లున్నవాటిని ఏరి ట్యాంకులో వేస్తాడు. అంటే ప్రతి తరంలోనూ వేగంగా ఎదిగేవాటిని బజారుకు పంపి, చిన్న వయసులో, చిన్న ఒంటితో గుడ్లకొచ్చినవాటినే తల్లులుగా ఉంచుతున్నాం. ఆడ స్కాంపి ఈడుకొచ్చాక తిన్న మేతలో పెద్ద భాగం గుడ్లకు పోతుంది, ఒళ్ళు పెరగడం నెమ్మదిస్తుంది. ఇరవై తరాల పాటు ముందుగా ఈడుకొచ్చేవాటిని ఎంచుకుంటే, ముందుగా ఈడుకొచ్చే రొయ్యే తయారవుతుంది. దీనికి ఎవరూ పథకం వేయలేదు, కానీ పథకం వేసి చేసినా ఇంత నిలకడగా చేయలేం.

మగవాటి సంగతి ఇంకా చిక్కు. ఒకే రోజు పుట్టిన మగ స్కాంపిల్లో ఒకటి పది గ్రాముల దగ్గర ఆగిపోతే మరొకటి దానికి ఐదారు రెట్లు ఉంటుంది. చిన్న మగవి, నారింజ రంగు చేతులవి, నీలి రంగు చేతులవి అని మూడు రకాలు (చేతులంటే పొడవాటి పట్టుకాళ్ళు). నారింజ చేతులది వేగంగా బరువెక్కుతుంది. అది నీలి చేతులదిగా మారాక ఎదుగుదల దాదాపు ఆగి, చుట్టూ ఉన్నవాటిని అణచి ఉంచుతుంది. నీలి చేతులవాటిని వలతో తీసేస్తే, అప్పటిదాకా అణిగి ఉన్న చిన్నవి లేచి ఎదుగుతాయి. కాబట్టి పట్టుబడి రోజున మగదాని బరువు చూసి దాని వంశం మంచిదో కాదో చెప్పలేం. ఆ బరువులో పక్కన ఎవరున్నారన్నది కూడా కలిసి ఉంటుంది. ఎదుగుదలలో వారసత్వంగా వచ్చే భాగం ఆడవాటిలో కనిపించినంత స్పష్టంగా మగవాటిలో కనబడదు. ‘పెద్ద నీలి చేతుల మగదాన్ని ఏరి వేశాం, పిల్ల బాగుంటుంది’ అనే హేచరీ భరోసా అందుకే నిలవదు.

తొట్టి కూడా ఎంపిక చేస్తుంది. నదిలో గుడ్ల తల్లి ఉప్పు కలిసే మొగ దాకా దిగి వస్తుంది. లార్వా 12 పీపీటీ ఉప్పు దగ్గర (వెయ్యి పాళ్ళ నీటిలో 12 పాళ్ళు ఉప్పు) బాగా బతుకుతుంది, మంచినీళ్ళలో కొద్దిరోజుల్లోనే చనిపోతుంది. ఈ సంగతి 1960ల మొదట్లో మలేషియాలో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాకే ఈ పెంపకం సాధ్యమైంది. 1965లో అక్కడి తల్లులను హవాయికి తీసుకెళ్ళి, ఫుజిమురా బృందం పెద్ద ఎత్తున పిల్ల తీసే పద్ధతి నిలబెట్టింది. లార్వా పదకొండు దశలు దాటి పిల్లయ్యాక నదిలో ఎదురీది పైకి వెళ్ళాలి, చేపను తప్పించుకోవాలి, మేత వెతుక్కోవాలి. తొట్టిలో ఇవేవీ ఉండవు. నీటిలో తేలే ఆర్టీమియా పిల్లలు, గుడ్డు కస్టర్డ్ ముక్కలు నోటి దగ్గరికే వస్తాయి. 20వ రోజుకు లార్వా దశ దాటి అడుగుకు దిగిన పిల్లలను తీస్తాం, 32వ రోజుకు ఇంకా లార్వాగానే ఉన్నవాటిని పారబోసి తొట్టి కడుగుతాం. త్వరగా దిగడం, గుంపులో కొట్టుకోకుండా తినడం, నీడను చూసి బెదరకపోవడం తొట్టిలో బతికించే గుణాలు. నదిలో ఆ చివరిదే చంపేస్తుంది.

ఇది మన రొయ్యకే పరిమితం కాదు. గంగా-బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతపు చిన్న జీబ్రా చేప ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటిలో ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో నిలిచిన ఏబీ అనే వంశం పెంపుడు చేపల దుకాణాల్లో కొన్న చేపలతో మొదలైంది. నదిలోని జీబ్రా చేపల్లో ఆడ, మగ నిర్ణయం నాలుగో క్రోమోజోమ్ చివర ఉన్న ఒక భాగం మీద ఆధారపడుతుందని, ఏబీ, టీయూ అనే ప్రయోగశాల వంశాల్లో ఆ ఏర్పాటు పోయిందని 2014లో తేలింది. కొన్ని దశాబ్దాల తొట్టి బతుకులో ఆడామగా ఏర్పడే పద్ధతే మారిపోయింది. ప్రయోగశాల చేపలు పైపైనే తిరుగుతాయి, అడవి చేపల్లా బెదరవు. ఒరెగాన్‌లోనే హుడ్ నదిలో, సముద్రానికి వెళ్ళి గుడ్లకు నదికి తిరిగొచ్చే స్టీల్‌హెడ్ చేపల మీద 2007లో వచ్చిన పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది. హేచరీలో పెరిగిన ప్రతి తరానికీ, నదిలో పిల్లలను కనగలిగే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోయింది. 2012లో అదే నదిలో చూసినప్పుడు, హేచరీలో బాగా రాణించిన కుటుంబాలే నదిలో వెనకబడ్డాయని తేలింది. ఒక్క తరం చాలింది. మనవి ఇరవై తరాలు దాటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎదగని ప్రతి రొయ్యా రక్తసంబంధం బాధితురాలు కాదు. చైనాలో ఒక పదేళ్ళుగా చిన్నప్పుడే గట్టిపడి, ఈడుకొచ్చి, ఎదగడం మానేసే స్కాంపిని ‘ఇనుప రొయ్య’ అంటున్నారు. దానికి ఒక వైరస్ కారణమని 2021లో బయటపడింది. తెల్లతోక జబ్బును తెచ్చే వైరస్ తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వెళుతుంది. పెద్ద రొయ్య ఏ లక్షణమూ చూపకుండా దాన్ని మోస్తుంది. పిల్లలో మాత్రం తోక తెల్లబడి కొద్ది రోజుల్లోనే తొట్టి దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అంటే వంశంతో పాటు జబ్బు కూడా తరం నుంచి తరానికి దిగుతుంది. చెరువు వంశం నడిపిన ఇరవై ఏళ్ళలో ఈ రెండూ కలిసి నడిచాయి. ఎదుగుదల లేదని వినగానే వంశం మారిస్తే సరిపోదు, పీసీఆర్ (వైరస్ జాడ పట్టే పరీక్ష) చేయిస్తే సరిపోదు. రెండూ చేయాలి.

మీ హేచరీ వంశం మారిందా లేదా అని తేల్చుకోవడానికి నది నుంచి పట్టిన పెద్ద రొయ్యను, చెరువు రొయ్యను పక్కపక్కన పెట్టి చూస్తే లాభం లేదు. పెంకు మందం, రంగు, చేతుల పొడవు, తోక కండ అన్నీ తిన్న తిండిని బట్టి, నీటిని బట్టి మారతాయి. పెంపకం వల్ల వచ్చిన తేడాను, నెత్తురులోకి దిగిన తేడాను విడదీయాలంటే రెండు వంశాల పిల్లలనూ ఒకే వారంలో పొదిగించి, ఒకే ఉప్పులో, ఒకే మేతతో పెంచాలి. 3–5 గ్రాముల దగ్గర పొట్ట భాగంలో పారదర్శకంగా ఉండే కండ కింద రంగు ఎలాస్టోమర్ (రబ్బరులాంటి పదార్థం) గుర్తు సూదితో ఎక్కించాలి. ఒక వంశానికి ఎరుపు, ఇంకోదానికి పసుపు. పొర విడిచినా ఈ గుర్తు పోదు. ఒక్కో వంశం నుంచి 150 చొప్పున కలిపి ఒకే చెరువులో చదరపు మీటరుకు రెండు మూడు ఉండేట్టు వేసి, కనీసం మూడు చెరువుల్లో ఇలా చేసి, 120 రోజుల తర్వాత తూయాలి. ఆడ, మగ వేరుగా, మగలో మూడు రకాలూ వేరుగా, ఆడవాటిలో గుడ్లున్నవీ లేనివీ వేరుగా రాయాలి. తేడా వెతకాల్సింది ముందు ఆడవాటి బరువులో, గుడ్లకొచ్చిన వయసులో. మగవాటి సగటు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. గుర్తులన్నీ ఒకే మనిషి వేయాలి, లేదంటే గుర్తు వేసేటప్పుడు చనిపోయినవాటి తేడా వంశం తేడాలా కనిపిస్తుంది.

ఇప్పుడు అడగవలసినవి.

మొదటిది రిజిస్టరు. తల్లుల బ్యాచ్‌కు ఒక పేజీ. ఎక్కడ నుంచి వచ్చింది, ఎన్ని ఆడ, ఎన్ని మగ, వాటి తల్లులు ఎవరివి, నదిదైతే ఏ మొగ, ఏ తేదీ, ఎన్నో తరం, పీసీఆర్ ఫలితం. పిల్ల కొనే రైతుకు ఆ పేజీ నకలు బిల్లుతో పాటు ఇవ్వాలి. 2006 నాటి ఆక్వా సీడ్ నాణ్యత చట్టం కింద హేచరీకి వచ్చే తనిఖీ అధికారి నీళ్ళ పరీక్ష కాగితం అడిగినట్టే ఈ పేజీని కూడా అడగాలి. అబద్ధం రాస్తారని అంటారు. ఆఖరి పట్టుబడి చెరువు పేరు, తేదీ రాయాల్సి వచ్చినప్పుడు అబద్ధం రాయడం అంత తేలిక కాదు, పిల్ల అమ్మిన బిల్లు పక్కనే ఉంటుంది.

రెండోది, ఆఖరి పట్టుబడిలో మిగిలిన గుడ్ల ఆడవాటిని తల్లులుగా కొనడం ఆపించాలి. తల్లుల కోసం చెరువు వేరుగా ఉండాలి. తక్కువ సాంద్రతతో, ఒకేసారి, వయసు తెలిసిన పిల్లతో. నాలుగో నెల వల లాగినప్పుడు 20 గ్రాముల లోపే గుడ్లతో కనిపించిన ఆడవాటిని ఆరోజే తీసి బజారుకు పంపాలి. తల్లులను ఆ తర్వాత, ఐదారు నెలల వయసులో, సగటు బరువు దాటినవాటి నుంచి ఏరాలి. మగవి నీలి చేతులవే కావాలని పట్టుబట్టొద్దు, నారింజ చేతులవి కూడా కలపండి.

సంఖ్యల దగ్గరికి వస్తే, తల్లుల వంశానికి మేము అడిగేది 40 ఆడ, 20 మగ. లెక్కకొచ్చే సంఖ్య 53, తరానికి పెరిగే రక్తసంబంధం ఒక శాతం లోపు. ఇది పెద్ద ఖర్చు కాదు. ప్రతి తల్లి నుంచి సమాన సంఖ్యలో పిల్లలను తర్వాతి తరానికి తీస్తే ఈ సంఖ్య దాదాపు రెట్టింపు విలువ చేస్తుంది. ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకుండా వంశాన్ని కాపాడే పని ఇదే, కానీ సులువుగా వదిలేసేది కూడా ఇదే.

చేసే విధానం ఇలా ఉంటుంది. 40 తల్లులను పదేసి చొప్పున నాలుగు జట్లు చేయండి. గుడ్లు నారింజ రంగులో ఉన్నప్పుడు కాక బూడిద రంగుకు తిరిగాక, అంటే పొదగడానికి రెండు మూడు రోజుల ముందు, ఒక్కో తల్లిని విడి టబ్బులో 5 పీపీటీ నీటిలో పెట్టండి. నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్డు పెట్టిన నాటి నుంచి పొదగడానికి 18–21 రోజులు పడుతుంది, పొదిగేది రాత్రి. పొద్దున్నే లార్వాలను లెక్కేసి ప్రతి తల్లి నుంచి ఐదు వేలు మాత్రమే తీసి ఆ జట్టు తొట్టిలోకి, 12 పీపీటీలోకి పంపండి. మిగిలినవి అమ్మకం తొట్లలోకి వెళ్ళొచ్చు. ఒక జట్టు పది తల్లులూ మూడు నాలుగు రాత్రుల లోపే పొదిగేలా, గుడ్ల రంగు చూసి జట్టు కట్టాలి. లేకపోతే ముందు పొదిగినవి వెనకవాటిని తినేస్తాయి, సమానంగా తీసిన శ్రమ పోతుంది. పిల్ల దిగాక నాలుగు జట్ల నుంచీ సమానంగా తీసి నాలుగు వేరు హాపాల్లో (చెరువులో కట్టే వల గూళ్ళలో) పెంచండి. తర్వాతి తరంలో మొదటి జట్టు ఆడవాటికి రెండో జట్టు మగవి, రెండో జట్టుకు మూడోది, మూడోదానికి నాలుగోది, నాలుగోదానికి మొదటిది. ఆడవి ఎప్పుడూ సొంత జట్టులోనే ఉంటాయి, మగవి మాత్రం ఒక జట్టు జరుగుతాయి. తోబుట్టువుల జత తప్పడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. నాలుగు హేచరీలు ఒప్పందం చేసుకుని ఒక్కో జట్టు ఒక్కొక్కరు ఉంచుకోవచ్చు కానీ, అప్పుడు మగవాటితో పాటు జబ్బు కూడా ఊళ్ళు తిరుగుతుంది. కదిలే ప్రతి మగదానికీ పరీక్ష తప్పదు.

బయటి రక్తం ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి? రెండు దారులు ఉన్నాయి. భువనేశ్వర్‌లోని సీఫా (కేంద్ర మంచినీటి మత్స్య పెంపకం పరిశోధన సంస్థ) 2007లో గుజరాత్, కేరళ, ఒడిశా వంశాలతో మొదలుపెట్టి స్కాంపిలో ఎంపిక ప్రజననం నడిపి, సీఫా-జీఐ అనే మెరుగైన స్కాంపిని తీసుకొచ్చింది. 1992లో మొదలుపెట్టి ఐదు నదుల చేపలతో జయంతి రోహును నిలబెట్టింది కూడా వాళ్ళే. వాళ్ళకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, కాబట్టి మనకు దూరం కూడా కాదు. కానీ ఒక షరతు. సీఫా పిల్లను ఒకసారి కొని, చెరువులో పెంచి, ఆ చెరువులోని గుడ్ల తల్లులను మళ్ళీ హేచరీలో వేసి, అదే పేరుతో పిల్ల అమ్మితే ఐదేళ్ళలో మళ్ళీ మొదటికే వస్తాం. వెనామీలో ఈ నకలు హేచరీల వల్ల రక్తసంబంధం పెరిగి జబ్బులకు లోనవడం గురించి 2016లోనే జన్యు శాస్త్రవేత్త రోజర్ డాయిల్ హెచ్చరించారు. మెరుగైన వంశానికి మూల మంద ఒకచోటే ఉండాలి, తల్లులు ప్రతి తరం అక్కడి నుంచే రావాలి, ఎంత పిల్ల అమ్మినా. రిజిస్టరులో ‘సీఫా’ అని రాసినవాళ్ళు ఎన్నో తరమో కూడా రాయాలి.

రెండో దారి నది. కృష్ణా, గోదావరి మొగల్లో ఇంకా దొరికే గుడ్ల తల్లుల్ని కొన్నింటిని తీసుకొచ్చి వంశంలో కలపాలి. ఇది జాగ్రత్తగా చేయకపోతే మంచికన్నా చెడే ఎక్కువ. తెచ్చిన ప్రతి తల్లినీ 15–20 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీటికి 15–20 పాళ్ళు) ఫార్మలిన్‌లో, గాలి పెడుతూ, 30 నిమిషాలు ఉంచి, వేరే గదిలో, వేరే వలలు, వేరే బకెట్లతో మూడు వారాలు విడిగా ఉంచాలి. ఈతకాలు కొస చిన్న ముక్క కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టి పరీక్షకు పంపాలి. ఒకసారి కాదు, గుడ్లు పొదిగాక మళ్ళీ. ఒత్తిడిలో ఉన్నప్పుడు వైరస్ బయటపడుతుంది కాబట్టి మొదటి పరీక్షలో బాగున్న తల్లి రెండోసారి పట్టుబడొచ్చు. లార్వాల్లో కూడా ఒక చిటికెడు పరీక్షకు పంపాలి. నది తల్లి పిల్లలు మొదటి తరంలో చెరువు వంశం కన్నా ఆలస్యంగా దిగుతాయి, మేతకు బెదురుతాయి, తొట్టిలో ఎక్కువ చనిపోతాయి. దాన్ని చూసి ‘నది వంశం పనికిరాదు’ అని పారేయకండి. అది తొట్టికి అలవాటు పడలేదన్నదానికి గుర్తు మాత్రమే. ఒక తరం ఓపిక పట్టి, నది మగవాటిని చెరువు ఆడవాటితో జత చేసి, రెండో తరంలో తూయండి.

మత్స్యశాఖకు ప్రత్యేకంగా ఒక మాట. తెలంగాణ జలాశయాల్లో స్కాంపి పిల్ల వదలడాన్ని మేము తప్పుపట్టడం లేదు. అక్కడ ఉప్పు నీరు లేదు, కాబట్టి ఆ రొయ్య ఎదుగుతుంది, పట్టుకుంటారు, అంతటితో అయిపోతుంది. అక్కడ అడగవలసింది పరిమాణం. వేలికొస కన్నా చిన్న పిల్లను ఎండలో గట్టున పడేసి ఫొటో తీస్తే చేపలకు మేత వేసినట్టే. గ్రాముకు మించి ఎదిగినవాటిని, ఆకుల మధ్య, మొద్దుల మధ్య దాక్కునే అలవాటు చేసి, సాయంత్రం చల్లబడ్డాక, సంచి నీటిని జలాశయం నీటితో మెల్లగా కలిపి వదలాలి.

కానీ ధవళేశ్వరం కింద, ప్రకాశం బ్యారేజీ కింద సంగతి అది కాదు. అక్కడి నుంచి మొగ దాకా నది స్కాంపి ఇంకా గుడ్లు పెడుతోంది. బ్యారేజీలు పిల్లను పైకి ఎక్కనివ్వక, ఇసుక తవ్వకాలు ఒడ్డును లాగేసి, ఉన్నదే తగ్గిపోయింది. ఆ మిగిలిన కొద్దిలోకి వంశం తెలియని హేచరీ పిల్లను లక్షల్లో వదిలితే, వాటిలో బతికినవి నది రొయ్యతో కలుస్తాయి. ఇరవై తరాల తొట్టి గుణాలు నదిలోకి దిగుతాయి. ఆ తర్వాత మనకు బయటి రక్తం కావాలంటే తెచ్చుకోవడానికి చోటు ఉండదు. ఆ పాయల్లో రొయ్య పట్టి బతికేవాళ్ళు, చేతివలతో మొగలో గుడ్ల తల్లిని పట్టేవాళ్ళు, ఈ నష్టం మొదట మోస్తారు. బ్యారేజీల కింద వదలాలంటే ఆ నది తల్లుల పిల్లలే కావాలి, తొలి తరానివే కావాలి, తొట్టిలో అతి తక్కువ రోజులు ఉన్నవే కావాలి. అందులోనూ ఒక్కో తల్లి నుంచి కొద్ది కొద్దిగా, వీలైనంత ఎక్కువమంది తల్లుల నుంచి. అలా సేకరించే వీలు లేని ఏడాది అక్కడ వదలడం మానేయడమే మేలు.

నదుల్లోకి వరద నీరు దిగగానే గుడ్ల తల్లులు మొగ వైపు కదులుతాయి. ఈ ఏడాది ఆ తల్లుల్లో కొన్నింటినైనా తేదీ, చోటు రాసి, పరీక్ష చేసి, విడి తొట్టిలో ఉంచాలంటే, గది, టబ్బులు, పీసీఆర్ కిట్లు, మొగ దగ్గర జాలర్లతో మాట, ఇవన్నీ జూన్ కన్నా ముందే సిద్ధంగా ఉండాలి. రిజిస్టరు నమూనా పేజీని మేము రాసి ఇస్తాం. మీ తనిఖీ ఫారంలో దానికి ఒక వరుస చోటివ్వండి.

ఇట్లు,
మంచినీటి రొయ్య తల్లుల పెంపకంలో ఉన్న కొందరు